ఖాళీ కుర్చీ, మస్కూరి కాళ్లు: యుద్ధం తర్వాతి పాలన మీద ఒక విమర్శ

2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు ఛత్తీస్‌గఢ్ అడవిలో పోలీసుల చేతిలో చనిపోయాడు. అదే సంవత్సరం అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాడు. 2026 మార్చి 31 నాటికి సాయుధ ఉద్యమం లేకుండా చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టాడు. ఈ నేపథ్యంలో అధికారులు, పత్రికలు, సెమినార్లలో మాట్లాడే మేధావులు ఒకటే పాట అందుకున్నారు: "యుద్ధం అయిపోయింది, ఇక పాలన వస్తుంది." రోడ్డు వస్తది, బడి వస్తది, బ్యాంకు వస్తది అని లెక్క చెపుతున్నారు.

ఈ మాటను రామకృష్ణాపూర్‌లో నిలబడి వింటే వేరే తీరుగ వినపడుతుంది. ఎందుకంటే సింగరేణి బొగ్గు బెల్టులో యుద్ధం ఇరవై ఏండ్ల కిందనే అయిపోయింది. 1981లో 56 రోజుల సమ్మె చూసిన ప్రాంతం ఇది. సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టి పెరిగిన ప్రాంతం ఇది. 1992 మేలో పీపుల్స్‌వార్‌తో పాటు ఆ సమాఖ్యను కూడా నిషేధించినప్పుడు బాయి దొడ్లనుంచి కార్మిక వాడల దాకా ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా భయపడ్డ ప్రాంతం ఇది. 2004 అక్టోబరులో చర్చలు, 2005 జనవరిలో చర్చల భంగం, ఆ తర్వాత రెండు మూడేండ్లలో దళాలు ఖాళీ. కనుక ఛత్తీస్‌గఢ్ రేపు చూడబోయేది ఉత్తర తెలంగాణ ఇప్పటికే చూసింది. "తర్వాత పాలన ఏమైతది?" అనే ప్రశ్నకు మన దగ్గర ఊహలు కాదు, అనుభవం ఉన్నది. కాని ఆ అనుభవాన్ని ఎవరి వైపు నుంచి చదవాలె? ఈ వ్యాసం అడిగేది ఇదే.

శూన్యం అనే మాట

సాయుధ సంఘర్షణ మీద మనకు అందుబాటులో ఉన్న రాతలన్నీ స్థూలంగా మూడు రకాలు. మొదటిది పోలీసు, ప్రభుత్వ భాష. దాని ప్రకారం నక్సలైట్లు అభివృద్ధిని అడ్డుకున్నారు, వాళ్లను తొలగిస్తే పాలన దానంతటదే నడుస్తుంది. రెండవది ఉదారవాద భాష. ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం 2008లో ఇచ్చిన నివేదిక దీనికి ఉత్తమ ఉదాహరణ. డి.బందోపాధ్యాయ అధ్యక్షుడుగా, ఎస్.ఆర్.శంకరన్, కె.బాలగోపాల్, బి.డి.శర్మ, సుఖదేవ్ థోరట్ వంటివారు సభ్యులుగా ఉన్న ఆ బృందం, ఇది శాంతిభద్రతల సమస్య మాత్రమే కాదని, భూమి, అడవి, కుల అణచివేత దీని వేళ్లని తేల్చి చెప్పింది. మూడవది విప్లవ రాజకీయాల భాష. రాజ్యం కూలిన చోట ప్రజల అధికారం మొలకెత్తుతుందని అది చెప్పింది.

ఈ మూడింటిలో రెండవదాని పట్ల నాకు గౌరవం ఉన్నది. దళితులు, ఆదివాసులు ఉద్యమం వైపు ఎందుకు పోయిన్రో ప్రభుత్వ కాగితం మీద అంత సూటిగ రాసిన నివేదిక అరుదు. కాని దాని చూపు ప్రధానంగా ఒక దిక్కుకే ఉన్నది: చెడ్డ పాలన సంఘర్షణను పుట్టిస్తుంది. సంఘర్షణ పాలనను ఏం చేస్తుంది, అది చల్లారినంక ఆ పాలన ఏ ఆకారంలో మిగులుతుంది అనే రెండో దిక్కు అందులో పలచబడింది.

ఇంకో సంగతి. భిన్న ధ్రువాలుగా ఉన్న ఈ మూడు భాషలూ ఒక్క మాట దగ్గర కలుస్తాయి. అది "శూన్యం." పోలీసులకు అది నక్సలైట్లు చేసిన శూన్యం. ఉదారవాదులకు రాజ్యం వదిలేసిన శూన్యం. విప్లవకారులకు తాము నింపవలసిన శూన్యం. దళితుల అనుభవంలో మాత్రం శూన్యం ఎన్నడూ లేదు. పట్వారి లేనినాడు కూడ ఊరికి నోటీసు వచ్చింది. తహశీల్దారు రానినాడు కూడ శిస్తు లెక్క పోయింది. ఎవరు మోసిన్రు? మస్కూరి మోసిండు, సుంకరి మోసిండు, నీరడి మోసిండు. కుర్చీ ఖాళీ అయింది నిజమే. కాళ్లు ఖాళీ కాలేదు. ఆ కాళ్లు ఎక్కువగా మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవి. శూన్యం అనే మాట కుర్చీని చూస్తుంది, కాళ్లను చూడదు. ఇది కేవలం పదాల సమస్య కాదు, పద్ధతి సమస్య.

పట్వారి పోయిండు, మస్కూరి మిగిలిండు

నిజాం నాటినుంచి ఊరి పాలన రెండంతస్తుల మీద నిలబడ్డది. పైన పటేలు, పట్వారి. ఇవి అగ్రకులాల వంశపారంపర్య పదవులు. కింద ఊరి సేవకులు. ఇవి దళితుల వంశపారంపర్య చాకిరి. మహారాష్ట్రలో మహర్ వతన్ పేరుతో నడిచింది కూడ ఇదే. కాస్త భూమి, కొన్ని గింజలు చూపించి ఒక కులాన్ని తరతరాలుగా సర్కారుకు కట్టేసే ఈ పద్ధతిని రద్దు చేయాలని అంబేద్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. అంటరానివాడు పాలనకు వెలుపల ఉన్నాడనేది సగం నిజమే. అతను పాలన లోపలనే ఉన్నాడు, పాదాల దగ్గర. ఆ సంగతి ఆ బిల్లు వందేండ్ల కిందనే చెప్పింది.

1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగినయి. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారి వ్యవస్థను రద్దు చేసింది, 1985లో మండలాలు తెచ్చింది. ఈ రద్దును ఒక ముఖ్యమంత్రి సంస్కరణగానే చెప్పుకుంటారు. కాని అంతకు ముందే ఉత్తర తెలంగాణ ఊర్లలో దొర గడీకి, పట్వారి దస్త్రానికి భయం తగ్గింది. వెట్టి బందయింది. ఆ పని చేసింది రైతుకూలీ సంఘాలు. ఈ మాట దాచిపెట్టి ఉద్యమాన్ని విమర్శించడం నిజాయితీ కాదు.

అయితే గమనించవలసింది ఏమంటే, పై అంతస్తు రద్దయింది గాని కింది అంతస్తు రద్దు కాలేదు. పట్వారి స్థానంలో జీతగాడైన గ్రామ అధికారి వచ్చిండు. మస్కూరి మస్కూరిగానే ఉండిపోయిండు, పేరు మాత్రం గ్రామ సేవకుడని, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకుడని మారింది. సంస్కరణ పైనుంచి ఆగింది. యుద్ధం ఈ సగం సంస్కరణ మీదికి వచ్చి పడ్డది.

యుద్ధంలో ఆఫీసు ఎటు పోయింది

1987 డిసెంబరులో తూర్పుగోదావరి జిల్లా గుర్తేడు దగ్గర శంకరన్‌తో సహా ఐఏఎస్ అధికారులను పీపుల్స్‌వార్ నిర్బంధించింది. దళితుల కోసం, వెట్టి విముక్తి కోసం సర్వీసంతా ధారపోసిన శంకరన్ ఆ తర్వాత కూడ ఊర్లకు పోవడం మానలేదు. 1997లో పౌర స్పందన వేదికను నడిపించి పల్లెపల్లె తిరిగి రెండు పక్షాలనూ ప్రశ్నించిండు. అట్ల తిరిగినవాళ్లు కొద్దిమందే. మిగతా యంత్రాంగానికి ఊరికి పోకుండ ఉండటానికి ఒక గట్టి కారణం దొరికింది. గ్రామ అధికారి మండల కేంద్రంల కాపురం పెట్టిండు. మండల అధికారి జిల్లా టౌనుల కాపురం పెట్టిండు. ఊరికి రాకపోయినా జీతం ఆగలేదు, రానందుకు సంజాయిషీ లేదు. భయం కొంత నిజమే. కాని భయం ఉన్న చోట పనిచేయకపోవడం తప్పు కాదనే సూత్రం క్రమంగా భయం లేని చోట్లకు కూడ పాకింది.

మరి ఊరికి ఎవరు పోయిన్రు? మస్కూరి పోయిండు. పగలు పోలీసులు అతన్నే అడిగిన్రు, "రాత్రి ఎవరొచ్చిన్రు?" అని. రాత్రి అన్నలు అతన్నే అడిగిన్రు, "పగలు ఏం చెప్పినవ్?" అని. రెండు పక్షాలకూ ఊరంటే మొదట కనపడ్డ మనిషి అతనే.

1994 పంచాయతీరాజ్ చట్టం కింద దళితులకు సర్పంచ్ రిజర్వేషన్లు వచ్చినయి. 1995లో ఎన్నికలు జరిగినయి. కాలాన్ని గమనించండి. దొరలు ఊరు విడిచి కరీంనగర్, హైదరాబాద్ పోయిన కాలం. సర్పంచ్ పదవి అంటే పోలీసు స్టేషన్‌కు జవాబు, దళానికి జవాబు, బిల్లులు మాత్రం రావు అనే కాలం. ఆ కాలంలో ఆ పదవి దళితునికి అందింది. అధికారంగా ఉన్నన్నాళ్లు అగ్రకులం చేతిలో ఉన్న పదవి ముప్పుగా మారినంక మన చేతికి వచ్చింది. తర్వాత రాజీనామా ప్రకటనలు ఇచ్చిన దళిత సర్పంచులను "అసమర్థులు" అన్నవాళ్లు, ఆ కుర్చీ ఎట్లాంటి సమయంలో ఖాళీ అయిందో ఎన్నడూ మాట్లాడలేదు.

ఇక్కడ సొంత సంగతి ఒకటి చెప్పవలసి వస్తున్నది. మా నాయిన బాయిల ఫిల్లర్. మేము రామకృష్ణాపూర్ క్వార్టర్లల్ల పెరిగినం గాని మా కుల ధ్రువపత్రం సొంతూరి నుంచే తేవాలె. అప్పటికి దళాలు పోయి రెండేండ్లు. ఊరికి పోతే గ్రామ అధికారి లేడు, టౌనుల కిరాయి రూముల కూసుంటడన్నరు. మస్కూరి మాకు వరుసకు పెద్దబాపు. సైకిలు మీద మా కాగితం పట్టుకొని తనే పోయిండు, రెండుసార్లు. "సారు ఊరికి రాడు తమ్మీ, ఊరే సారు దగ్గరికి పోవాలె" అన్నడు నాయినతో. "ఇప్పుడు అన్నలు లేరు గదనే" అంటే పెద్దబాపు నవ్విండు. "అప్పుడు అన్నలున్నరని రాలే. ఇప్పుడు రాకున్నా నడుస్తున్నది, ఎందుకొస్తడు?"

విశ్వవిద్యాలయంలో పాలనాశాస్త్రం మీద చదివిన పుస్తకాలన్నిటికంటె ఆ మాటే నాకు ఎక్కువ నేర్పింది. సంఘర్షణ కాలంలో తప్పనిసరై వచ్చిన అలవాటు, సంఘర్షణ పోయినంక సౌకర్యమై నిలిచిపోతుంది. దాని ఖర్చును కింది మనిషి కాళ్లు భరిస్తాయి కనుక పై మనిషికి అది ఖర్చుగా కనపడదు.

అనుభవదారు కాలమ్

రెండవ నష్టం రికార్డులో జరిగింది. ఇది ఇంకా లోతైనది.

దొరలు ఊర్లు విడిచిపోయినప్పుడు భూములు మూడు దారులు పట్టినయి. కొన్నిటి మీద ఎర్రజెండా పాతి పేదలు దున్నిన్రు. కొన్ని పోలీసులు దున్ననియ్యక, దొర దున్నరాక బీడు పడ్డయి. కొన్నిటిని దొరలే తెల్లకాగితం మీద అగ్గువకు అమ్ముకున్నరు. దీన్నే సాదా బైనామా అంటున్నం. ఈ మూడు సందర్భాల్లోనూ పొలం మీద మనిషి మారిండు, పట్టా కాలమ్‌ల పేరు మారలే. మార్చవలసిన గ్రామ అధికారి ఊర్లె లేడు. పాత పహాణీల అనుభవదారు కాలమ్ అని ఒకటి ఉండేది. కాస్తు చేసుకునే పేదవాని పేరు ఎక్కితే గిక్కితే అండ్లనే ఎక్కేది. దళితునికి అది బలహీనమైన ఆధారమే గాని, ఉన్న ఒక్క ఆధారం.

2004 చర్చల్లో భూమి ప్రశ్న బల్ల మీదికి వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన కోనేరు రంగారావు కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. ఆక్రమణలోని అసైన్డ్ భూములు, రికార్డుల సవరణ, పేదలకు న్యాయ సహాయం వంటివి అది చర్చించింది. కాని చర్చలే భంగమైనంక, ఆ నివేదికను అమలు చేయమని గట్టిగ అడిగే ఒత్తిడి సగం పోయింది.

2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018 మేలో పట్టాదారుకు ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున రైతుబంధు మొదలైంది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. ధరణి రికార్డులో అనుభవదారు కాలమ్ లేకుండ పోయింది. ఒక కాలమ్ తీసేయడం కంప్యూటర్ పని లాగ కనపడుతది. కాని ఇరవై ముప్పై ఏండ్ల సంఘర్షణ నేల మీద తెచ్చిన మార్పు ఎక్కడన్న నమోదై ఉంటే ఆ కాలమ్‌లనే ఉన్నది. దాన్ని తీసేస్తే దొర పేరు మళ్లీ ఒంటరిగ మిగులుతుంది. హైదరాబాద్‌ల ఉన్న పట్టాదారు ఖాతాల పైసలు పడ్డయి. దున్నెటోడు చూస్తూ నిలబడ్డడు. సాదా బైనామాల క్రమబద్ధీకరణకు 2020లో 9 లక్షల దాకా దరఖాస్తులు వచ్చినయి. పాత చట్టం రద్దయినందున కొత్తవాటిని పరిశీలించే అధికారం ఎక్కడిదని అదే సంవత్సరం నవంబరులో హైకోర్టు అడిగింది, పని ఆగింది. ఏండ్ల తరబడి ఆ కాగితాలు అట్లనే ఉన్నయి. 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, భూభారతి చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. కొట్టేసిన అప్పీలు వ్యవస్థను అది మళ్లీ పెట్టింది. మంచిదే. కాని అప్పీలు చేసేవాడు ఏ కాగితం చూపాలె?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ధరణి రాష్ట్రమంతటా వచ్చింది, యుద్ధం లేని చోట కూడ కౌలుదారు నష్టపోయిండు, దీన్ని సంఘర్షణకు ఎట్ల ముడిపెడతావు అని. సరైన ప్రశ్నే. చట్టం ఒక్కటే. కాని కాగితానికి, పొలానికి మధ్య ఎడం అన్ని చోట్ల ఒక్క తీరుగ లేదు. దొర ఊర్లె ఉండి కౌలుకిచ్చిన చోట ఆ ఎడం ఒక పంట ఎడం. దొర పారిపోయి, అధికారి రాక, చేతులు మారిన చోట అది ఒక తరం ఎడం. ఒకే చట్టం ఈ రెండో చోట ఎక్కువ బరువుతో పడింది. సంఘర్షణ ప్రభావం అంటే ఇదే. అది కొత్త అన్యాయాన్ని కనిపెట్టక్కర లేదు. మామూలు అన్యాయానికి దారి వెడల్పు చేసి పెడుతుంది.

పోలీసు అనే పాలన

మూడవది, పాలన లోపల బరువు ఒక శాఖ వైపు ఒరిగింది. 1989లో గ్రేహౌండ్స్ ఏర్పడింది. ఆ తర్వాత బలపడ్డ ప్రభుత్వ సంస్థ ఏదంటే పోలీసే. యుద్ధం సగంలో ఉన్నప్పటినుంచే వైద్య శిబిరం పోలీసులది, వాలీబాల్ పోటీ పోలీసులది, ఉద్యోగ మేళా పోలీసులది అయింది. లొంగిపోయిన యువకునికి ఇంటి జాగ కావాలన్నా తహశీల్దారు ఆఫీసు దారి ఎస్పీ ఆఫీసు మీదుగ పోతది.

ఇది ఏదో ఒక అధికారి అత్యుత్సాహం కాదు, విధానమే. 2010లో కేంద్రం తెచ్చిన సమీకృత కార్యాచరణ ప్రణాళికను చూడండి. 60 జిల్లాల్లో మొదలైన ఆ పథకంలో మన ఆదిలాబాద్, ఖమ్మం ఉన్నయి. జిల్లాకు మొదటి సంవత్సరం 25 కోట్లు, రెండో సంవత్సరం 30 కోట్లు. ఆ డబ్బును ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించే కమిటీలో ముగ్గురు: కలెక్టరు, ఎస్పీ, అటవీ అధికారి. ఎన్నికైన ప్రతినిధికి ఆ కమిటీలో చోటు లేదు. పంచాయతీరాజ్ చట్టం వచ్చి 16 ఏండ్లయినంక, రిజర్వేషన్ల మీద దళిత, ఆదివాసి ప్రతినిధులు జిల్లా పరిషత్తులకు వచ్చినంక, అసలు నిర్ణయం వాళ్లు లేని గదిలోకి పోయింది. ఆ గదిలో కూర్చున్న ముగ్గురిలో ఇద్దరి శాఖల మీదనే ఊర్లకు ఎక్కువ ఫిర్యాదు. "అభివృద్ధి కావాలా, శాంతిభద్రతలు కావాలా" అని ఉదారవాదులు వాదులాడుతుంటే, ప్రభుత్వం రెండింటినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ప్రజాస్వామ్యాన్ని బయట నిలబెట్టింది.

బాయి మీద ఓటు, వాడలో స్పెషలాఫీసరు

రామకృష్ణాపూర్ ఊరే గాని ఊరు కాదు, కంపెనీ వాడ. ఇక్కడ నీళ్లు, కరెంటు, దవాఖాన, ఇల్లు ఇచ్చింది కంపెనీయే. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న కంపెనీ కనుక అదే సర్కారు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. నిషేధం, కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు పోవడం, ఓపెన్‌కాస్టులు పెరగడం ఒకే దశాబ్దంలో జరిగినయి. సమాఖ్య భయం పోయినంక కంపెనీ పాలన మెరుగుపడిందని లాభాల లెక్కలు చూపేవాళ్లున్నరు. ఒక విషయంలో నిజం ఉన్నది. 1998లో గుర్తింపు సంఘానికి రహస్య బ్యాలెట్ ఎన్నికలు పెట్టిన్రు. ఏడాదికి వందల సమ్మెల కాలం పోయి, కార్మికుడు ఓటు వేసి తన సంఘాన్ని ఎన్నుకునే పద్ధతి వచ్చింది. సంఘర్షణ తర్వాత వచ్చిన సంస్థల్లో ప్రజాస్వామికమైనది చెప్పమంటే నేను దీన్నే చెపుత.

కాని ఆ ఓటు ఎవరికున్నది? పర్మినెంటు కార్మికునికే. ఊడ్చే కాంట్రాక్టు మనిషికి, బొగ్గు ఏరే కాంట్రాక్టు మనిషికి, దవాఖానల వార్డు కడిగే ఆడమనిషికి లేదు. బాయి పర్మినెంటు కొలువు తగ్గి కాంట్రాక్టు పెరిగిన కొద్దీ, ఫిల్లర్ల పిల్లలు తండ్రుల ఓటుకు దూరమైన్రు. 2017లో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు కొట్టేసింది. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వాళ్లు అడిగింది తండ్రుల హక్కులో వాటా.

పట్టణ పాలన సంగతి కూడ చూద్దాం. రామకృష్ణాపూర్ 2018లో క్యాతన్‌పల్లి మున్సిపాలిటీలో భాగమై 2020లో కౌన్సిలర్లను ఎన్నుకున్నది. పక్కనే ఉన్న మందమర్రి మున్సిపాలిటీ పేరుకే, ఏండ్ల తరబడి ఎన్నికలు లేవు, స్పెషలాఫీసరు పాలన. దీనికి కారణం నక్సలైట్లు కాదు. షెడ్యూల్డు ప్రాంతాలకు మున్సిపాలిటీల భాగాన్ని పార్లమెంటు చట్టంతోనే వర్తింపజేయాలని రాజ్యాంగం 243జెడ్‌సీ అధికరణ చెపుతున్నది. 2001లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. ఇది ఎందుకు చెపుతున్ననంటే, పాలన లోపాలన్నిటినీ సంఘర్షణ ఖాతాలో వేయడం ప్రభుత్వానికి అలవాటైంది. ఏది యుద్ధం వల్ల జరిగింది, ఏది పార్లమెంటు బద్ధకం వల్ల జరిగింది అని విడదీయడం పరిశోధకుని మొదటి పని.

ఉద్యమాన్ని కూడ అడగాలె

విప్లవోద్యమం దొర ముందు దళితుణ్ణి మంచం మీద కూర్చోబెట్టింది. ఆ గౌరవాన్ని ఏ నివేదికా కొలవలేదు. కాని అది రాత్రి పంచాయతీలో చెప్పిన తీర్పుకు కాగితం లేదు. జెండా పాతిన భూమికి హద్దురాయి లేదు. దళం ఉన్నన్ని రోజులు మాటే పట్టా. దళం పోయిన తెల్లారి ఆ మాట విన్న సాక్షి కూడ మాట్లాడలేడు. రాజ్యాన్ని కూల్చుతమన్నోళ్లు రాజ్యం రికార్డును పట్టించుకోకపోవడం సిద్ధాంతపరంగ సబబే కావచ్చు. అగ్రకులం నుంచి వచ్చిన నాయకునికి ఆ ధీమా ఉంటది, ఇంటికాడ ఆయన పేర పట్టా ఉన్నది. తరతరాలుగా రికార్డులో పేరే లేని కులానికి ఆ ధీమా ఎక్కడిది? కులం ఉపరితలమని, వర్గం పునాదని చెప్పిన సిద్ధాంతం పహాణీ కాలమ్ దగ్గర తప్పింది. కార్మికుని మీద అన్ని పాటలు కట్టి, ఫిల్లర్ ఏ వాడనుంచి వచ్చిండు, ఓవర్‌మెన్ ఏ వాడనుంచి వచ్చిండు అని అడగకపోవడం ఆ తప్పుకే మరో రూపం.

నేపాల్‌తో పోల్చి చూద్దాం. అక్కడ 1996 నుంచి 2006 దాకా యుద్ధం జరిగింది. అక్కడ కూడ గ్రామాభివృద్ధి సమితి కార్యదర్శులు ఊర్లు విడిచి జిల్లా కేంద్రాల్లో కూసున్నరు, యుద్ధం అయినంక కూడ చాలామంది వెంటనే తిరిగి రాలేదు. 1997 తర్వాత స్థానిక ఎన్నికలు మళ్లీ 2017లోనే. ఇంత వరకు మన కథే. కాని అక్కడ యుద్ధం ఒప్పందంతో ముగిసింది, ఆ ఒప్పందం రాజ్యాంగ సభకు దారి తీసింది. 2017 ఎన్నికల్లో ప్రతి వార్డు కమిటీలో ఒక దళిత మహిళకు సీటు వచ్చింది. ఆ సీటుతో కులం పోయిందని కాదు. ఆమె చేతిలో అధికారం ఎంత అనే చర్చ అక్కడ నడుస్తున్నది. అయినా అడగడానికి ఒక కుర్చీ ఉన్నది. మన దగ్గర యుద్ధం ఒప్పందంతో ముగియలేదు, ఒక పక్షం అలిసి, తరిగి ముగిసింది. కనుక పాలన ఎవరికీ ఏ మాటా ఇయ్యలేదు. మారవలసిన అవసరం దానికి రాలేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పుడు జరుగుతున్నది కూడ ఇదే తీరు ముగింపు. అందుకే ఈ పోలిక.

ఏం అడగాలె

2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. 2022లో వీఆర్ఏలు దాదాపు మూడు నెలలు సమ్మె చేసిన్రు. 2023లో 20 వేలకు పైగా వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దిన్రు. మస్కూరి బిడ్డలు మొదటిసారి పేస్కేలు ఉన్న ఉద్యోగులైన్రు. వంశపారంపర్య చాకిరికి ఇది నిజమైన ముగింపు, సంతోషించవలసిందే. కాని అదే రోజున ఊరికి ఉన్న చివరి కాళ్లు కూడ పోయినయి. పై కుర్చీ మాత్రం టౌనులనే ఉన్నది. 2025 సెప్టెంబరులో ఐదు వేలకు పైగా గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు ఇచ్చిన్రు. వీళ్లన్న ఊర్లె కూసుంటరా, లేక మళ్లీ కిరాయి రూములనా? ఇది చిన్న ప్రశ్న కాదు, ఈ వ్యాసం అంతా ఈ ప్రశ్న చుట్టే తిరిగింది.

దళిత అధ్యయనాలు చేసే మనం "రాజ్యం తిరిగి వచ్చిందా?" అని అడగడం మానాలె. అది వాళ్ల ప్రశ్న. మన ప్రశ్నలు వేరే: ఊర్లె అధికారి వారానికి ఎన్ని రోజులు కూసుంటడు? 1980 నుంచి 2017 దాకా పహాణీల అనుభవదారు కాలమ్‌ల ఉన్న దళితుల పేర్లు ఎన్ని, అందులో ఇప్పుడు మిగిలినవి ఎన్ని? జిల్లాల అభివృద్ధి డబ్బు నిర్ణయించే బల్ల దగ్గర పోలీసు ఎందుకున్నడు, సర్పంచ్ ఎందుకు లేడు? బాయి మీద కాంట్రాక్టు మనిషికి ఓటు ఎప్పుడు? పాత పహాణీ నకళ్లు తహశీల్దారు ఆఫీసుల్లో ఇంకా ఉన్నయి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగొచ్చు. విద్యార్థులు ఊరికి ఒకరు చొప్పున ఆ పని మొదలుపెడితే, ఏ నిపుణుల బృందమూ రాయని నివేదిక మనమే రాస్తం.

మా పెద్దబాపు సైకిలు ఇప్పుడు లేదు. ఆయన కొడుకు వేరే శాఖల అటెండరు, జీతం ఒకటో తారీకు పడుతది. మా ఊర్లె ఎవరికన్న ధ్రువపత్రం కావాల్నంటే మాత్రం, ఇయ్యాల్టికీ టౌనుకే పోవాలె.